రెండు ఫారాల మధ్య తేదీతో వెతుకులాట: ఏ పద్ధతి ఎవరికి నప్పుతుంది?

నెల్లూరు, ప్రకాశం తీరంలో రొయ్యల సాగు లెక్కలను కంప్యూటర్‌లో పెట్టుకునే ఏ ఆఫీసులో చూసినా కనీసం రెండు ఫారాలు ఉంటాయి. ఒకటి పంట నమోదు. ఏ గుంటలో ఏ రోజు రొయ్య పిల్ల వదిలారు, ఎంత వదిలారు, పట్టుబడి (పెరిగిన రొయ్యను పట్టడం) ఎప్పుడు అన్నది అందులో ఉంటుంది. రెండోది రోజువారీ నమోదు. మేత, నీటి పరీక్ష, ఆక్సిజన్ రీడింగు, వల వేసి తూచిన బరువు ఇందులోకి వస్తాయి. రోజువారీ ఫారం సేవ్ కాగానే వర్క్‌ఫ్లో, అంటే దానంతటదే నడిచే ఆదేశాల వరుస, పంట నమోదులోకి వెళ్లి, ఆ తేదీన ఆ గుంటలో నడుస్తున్న పంట ఏదో వెతికి పట్టుకోవాలి. దాన్నిబట్టి రొయ్య వయసు లెక్కగట్టి, ఎంత మేత వేయాలో చూపాలి.

ఈ వెతుకులాటలో తేదీ వేరియబుల్ (ఫారంలోని తేదీని పట్టి ఉంచే పేరు) పెట్టే ఇబ్బంది చాలామందికి అనుభవమే. రికార్డు కళ్లెదుటే ఉంటుంది, వర్క్‌ఫ్లో మాత్రం ఏమీ దొరకలేదంటుంది. అంతకన్నా ప్రమాదకరమైనది మరొకటుంది: ఏదో ఒకటి దొరుకుతుంది, కానీ అది వేరే పంట. సాగు ఖర్చులో సింహభాగం మేతదే కాబట్టి, వయసు తప్పుగా లెక్కపడితే ఆ తప్పు నేరుగా రైతు జేబు మీదే పడుతుంది. అందుకే ఏ రికార్డు కావాలో చెప్పే ఈ షరతును ఎలా రాయాలన్న ప్రశ్నను తేలిగ్గా తీసుకోకూడదని నా గట్టి అభిప్రాయం. ఇక్కడ చెప్పేవి రొయ్యల ఉదాహరణలే అయినా, బుచ్చిరెడ్డిపాలెంలో ధాన్యం మిల్లు లెక్కలకూ, టంగుటూరు, పొదిలి వైపు పొగాకు బేళ్ల లెక్కలకూ, చీమకుర్తి గ్రానైట్ దిమ్మెల లెక్కలకూ ఇవే వర్తిస్తాయి.

ముందు లోపం ఎక్కడుందో తేల్చుకోండి

పద్ధతి మార్చే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటుంది. షరతులో వేరియబుల్ ఉన్న చోట, కచ్చితంగా రికార్డు ఉందని మీకు తెలిసిన ఒక తేదీని నేరుగా రాసి నడపండి. రికార్డు దొరికితే షరతు బాగానే ఉంది, వేరియబుల్‌లోకి వచ్చే విలువే తేడాగా ఉంది. దొరకకపోతే వేరియబుల్‌ను అనవసరంగా అనుమానిస్తున్నారు. లోపం షరతులోనో, నిల్వ ఉన్న డేటాలోనో ఉంది. ఈ చిన్న పరీక్ష చేయకుండా వర్క్‌ఫ్లో మొత్తం తిరగరాసేవారిని చూస్తే బాధేస్తుంది.

రెండో మెట్టు వేరియబుల్‌ను బయటికి చూపించడం. ఇలాంటి ఫారాలు, వర్క్‌ఫ్లోలు నడిపే సాధనాల్లో, జోహో క్రియేటర్‌లో ఇన్ఫో అనే ఆదేశం, పవర్ ఆటోమేట్‌లో కంపోజ్ అనే మెట్టు, యాక్సెస్‌లో ఇమ్మీడియట్ విండో ఇందుకే ఉన్నాయి. తెర మీద తేదీ సరిగా కనిపించింది కదా అని ఆగిపోకండి. దాని వెనక సమయం కూడా ఉందా, అది నిజంగా తేదీయేనా లేక తేదీలా కనిపించే అక్షరాల వరుసా అన్నది చూడాలి. ఎక్సెల్, యాక్సెస్ తేదీని లోపల ఒక సంఖ్యగా దాచుకుంటాయి. 2024 జూన్ 5 వాటి లెక్కలో 45448. అదే రోజు ఉదయం 6 గంటలకు నమోదైతే 45448.25. రెండూ తెర మీద 05-06-2024 అనే కనిపించవచ్చు, కానీ సమానమా అని అడిగితే కాదనే జవాబు వస్తుంది.

మూడోది వెతుకులాట ఎప్పుడు నడుస్తుందన్నది. ఫారం తెరుచుకున్నప్పుడే వెతుకులాట నడిచేలా పెడితే అప్పటికి తేదీ పెట్టె ఖాళీగానే ఉంటుంది. తేదీ నింపిన తర్వాతో, సేవ్ అయిన తర్వాతో నడిచేలా పెట్టాలి. ఇది చూడటానికి నిమిషం పట్టదు, కానీ చాలా ఫిర్యాదులు ఇక్కడే తీరిపోతాయి.

పేర్ల విషయం కూడా ఇప్పుడే చెప్పాలి. రెండు ఫారాల్లోనూ ఫీల్డు పేరు ఉత్త ‘తేదీ’ అని ఉంటే, కొన్ని సాధనాలు షరతుకు రెండు వైపులా ఒకే ఫారంలోని తేదీని తీసుకుంటాయి. తేదీని దానితోనే పోల్చినప్పుడు అన్ని రికార్డులూ సరిపోతాయి, వాటిలో మొదటిది చేతికొస్తుంది. ‘వదిలిన తేదీ’, ‘కొలిచిన తేదీ’, ‘పట్టుబడి తేదీ’ అని వేరువేరు పేర్లు పెట్టుకుంటే ఈ గొడవే ఉండదు.

నెలలో మొదటి పన్నెండు రోజులు

తప్పులు ప్రతి నెలా 1 నుంచి 12 వరకే వస్తూ, 13 నుంచి అంతా సవ్యంగా ఉంటే ఇక వేరే ఆధారం అక్కర్లేదు. రోజు, నెల తారుమారవుతున్నాయి. మనం రోజు ముందు రాస్తాం, అమెరికా పద్ధతిలో నెల ముందు రాస్తారు. 25/06/2024 అని రాస్తే 25వ నెల లేదు కాబట్టి యాక్సెస్ మన ఉద్దేశాన్నే గ్రహిస్తుంది. 05/06/2024 అని రాస్తే మాత్రం మే 6 అనుకుంటుంది. ఎక్కడా ఎర్ర అక్షరం కనిపించదు, హెచ్చరిక రాదు.

దీని ఫలితం ఎలా ఉంటుందో ఒక గుంట మీద చూద్దాం. మూడో గుంటలో మొదటి పంటకు 2024 ఫిబ్రవరి 12న పిల్ల వదిలి, 112 రోజులకు జూన్ 3న పట్టుబడి చేశారనుకోండి. గుంట ఎండగట్టి, రెండో పంటకు జూలై 5న వదిలారు. ఆగస్టు 9న వల వేసి చూశారు. రొయ్య వయసు 35 రోజులు. ఇప్పుడు 09/08/2024 అన్నది వర్క్‌ఫ్లోలో సెప్టెంబరు 8గా మారితే వయసు 65 రోజులవుతుంది. ముప్పై ఐదు రోజుల రొయ్యకు అరవై ఐదు రోజుల మేత పట్టిక తెర మీదికి వస్తుంది. వదిలిన తేదీ తారుమారైతే ఇంకా చిత్రం: 05/07/2024 కాస్తా మే 7 అవుతుంది. అది మొదటి పంట మధ్యలో పడే తేదీ. ఒకే గుంటలో ఒకే కాలంలో రెండు పంటలు నడుస్తున్నట్టు లెక్క తేలుతుంది.

దీనికి మందు ఒకటే. షరతులో తేదీని అక్షరాలుగా రాయాల్సి వస్తే సంవత్సరం, నెల, రోజు అన్న వరుసలో, 2024-08-09 లాగా రాయండి. తేదీల రాతకు 1988లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8601 చెప్పేది ఈ వరుసనే. దీన్ని ఎవరూ రెండు రకాలుగా చదవరు. తెర మీద మనుషులకు చూపించేటప్పుడు మనకు అలవాటైన రోజు-నెల-సంవత్సరం పద్ధతి ఉంచుకోవచ్చు. ఆ రెంటినీ కలపకుండా ఉంటే చాలు.

తెల్లవారుజాము రీడింగులు

రొయ్యల గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారే ముందు. వెలుతురు లేనందువల్ల నీటిలోని నాచు ఆక్సిజన్ తయారు చేయదు, గుంటలో ప్రాణమున్న ప్రతిదీ రాత్రంతా దాన్ని వాడుకుంటూనే ఉంటుంది. అందుకే గట్టు మీద కాపలా ఉండేవారు మూడు, నాలుగు గంటలకు లేచి మీటరు పెట్టి చూస్తారు. అన్నిటికన్నా ముఖ్యమైన రీడింగు అదే. మన తేదీ వేరియబుళ్లు ముందుగా దెబ్బతీసేది కూడా దాన్నే.

క్లౌడ్‌లో నడిచే చాలా సాధనాలు సమయాన్ని యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో, దాచుకుంటాయి. మన భారత ప్రామాణిక సమయం దానికన్నా ఐదున్నర గంటలు ముందుంటుంది. ఆగస్టు 9 తెల్లవారుజామున 3:30కి తీసిన రీడింగు అక్కడ ఆగస్టు 8 రాత్రి 10 గంటలు. ఉదయం 6 గంటలకు వేసిన మొదటి మేత మాత్రం అక్కడ కూడా ఆగస్టు 9నే, అర్ధరాత్రి దాటి అరగంటకు. కాబట్టి మేత సరైన రోజుకు చేరుతుంది, ఆక్సిజన్ ముందు రోజుకు వెళ్లిపోతుంది. పగలంతా కూర్చుని పరీక్షించినా ఈ లోపం బయటపడదు. అర్ధరాత్రి నుంచి 5:30 వరకు నమోదైనవి మాత్రమే తప్పుతున్నాయా అని చూడండి. అవునంటే కారణం ఇదే.

ఇక్కడ రెండు దారులున్నాయి. ఒకటి, వర్క్‌ఫ్లోలో ముందే సమయాన్ని భారత సమయానికి మార్చి, ఆ తర్వాత తేదీని విడదీయడం. రెండోది, రోజువారీ ఫారంలో సమయం లేని ‘కొలిచిన తేదీ’ అనే ఫీల్డును విడిగా పెట్టి, సమయాన్ని వేరే పెట్టెలో తీసుకోవడం. నేను రెండో దానివైపే మొగ్గుతాను. వెతుకులాట అంతా సమయం లేని తేదీ మీద నడుస్తుంది కాబట్టి ఐదున్నర గంటల తేడా దాని జోలికి రాదు. గట్టు మీద ఉన్న మనిషికి ఒక పెట్టె అదనంగా నింపే శ్రమ ఉంటుంది, నిజమే. ఫోను తన స్థానిక తేదీని దానంతటదే నింపేలా పెడితే ఆ శ్రమ కూడా తప్పుతుంది.

వెతికే పద్ధతులను పోల్చి చూస్తే

అందరూ మొదట రాసేది సమానత్వ షరతు: ఆ ఫారంలోని తేదీ, ఈ ఫారంలోని తేదీ ఒకటే కావాలి. రాయడం సులువు, చదివినవారికి వెంటనే అర్థమవుతుంది. రెండు వైపులా సమయం లేని తేదీలే ఉండి, రోజుకు ఒకే రికార్డు ఉండే చోట ఇది చాలు. ఒక రోజు మేత నమోదును అదే రోజు నీటి పరీక్షతో జత చేయడానికి ఇంతకు మించి అక్కర్లేదు. కానీ ఏ పక్కనైనా సమయం అంటుకుని ఉంటే ఏమీ దొరకదు. పంట వెతకడానికైతే ఇది అసలు పనికిరాదు, ఎందుకంటే పిల్ల వదిలిన రోజునే వల వేసి తూచరు.

గుర్తుచేసే సందేశాల విషయంలో సమానత్వ షరతు చేసే నష్టం ఎవరి దృష్టికీ రాదు. మేత డీలరు ఆఫీసులో ప్రతి ఉదయం వర్క్‌ఫ్లో నడిచి, ఈరోజు గడువు తీరే బాకీలను వెతికి రైతులకు సందేశం పంపుతుందనుకోండి. గడువు తేదీ ఈరోజుకు సమానం అని రాస్తే, ఒక్క రోజు నెట్ పోయినా, కంప్యూటర్ ఆన్ చేయకపోయినా, ఆ రోజు గడువు ఉన్నవారికి సందేశం ఇక ఎప్పటికీ వెళ్లదు. గడువు తేదీ ఈరోజు గానీ అంతకుముందు గానీ అయి ఉండాలి, సందేశం పంపినట్టు గుర్తు ఉండకూడదు అని రెండు షరతులు రాయండి. పంపిన వెంటనే గుర్తు పెట్టేయాలి. తప్పిపోయిన రోజు పని మర్నాడు దానంతటదే పూర్తవుతుంది.

రెండో పద్ధతి రెండు హద్దుల మధ్య వెతకడం. సమయంతో కూడిన ఫీల్డులో ఒక రోజు రికార్డులు కావాలంటే, ఆ రోజు మొదలుకుని లేదా ఆ తర్వాత, మర్నాటికి ముందు అని రాయాలి. ఆగస్టు 9 కావాలంటే ఆగస్టు 9కి సమానం లేదా ఎక్కువ, ఆగస్టు 10 కన్నా తక్కువ. రెండో హద్దులో సమానం గుర్తు పెట్టకపోవడమే ఇందులో కిటుకు. ‘బిట్వీన్’ అని రాసి చివరి తేదీ ఇస్తే, ఆ చివరి తేదీ మొదలయ్యే అర్ధరాత్రి 12 గంటలన్న అర్థమే వస్తుంది. ఆ రోజు ఉదయం పదింటికి నమోదైనది బయటే ఉండిపోతుంది. నెలాఖరు లెక్కల్లో చివరి రోజు మేత ఎప్పుడూ తక్కువగా కనిపిస్తుంటే ముందు చూడాల్సింది ఇక్కడే.

పంటను వెతకడానికి కూడా హద్దుల పద్ధతే సరైనది: గుంట ఒకటే కావాలి, వదిలిన తేదీ కొలిచిన తేదీ కన్నా ముందో అదే రోజో కావాలి, పట్టుబడి తేదీ కొలిచిన తేదీ తర్వాతో అదే రోజో కావాలి. ఇక్కడ రెండు వైపులా సమానం పెట్టినా ప్రమాదం లేదు. పట్టుబడి అయిన గుంటను ఎండగట్టకుండా అదే రోజు కొత్త పిల్ల వదలరు కాబట్టి, ఒకే తేదీ రెండు పంటల్లో పడదు. ఇలాంటి సంగతి కంప్యూటర్ పుస్తకాల్లో దొరకదు, గుంట దగ్గర పనిచేసేవారిని అడిగితేనే తెలుస్తుంది.

నడుస్తున్న పంటకు పట్టుబడి తేదీ ఖాళీగా ఉంటుంది. ఖాళీని ఏ తేదీతో పోల్చినా చాలా డేటాబేసులు అవునని చెప్పవు. అందువల్ల అయిపోయిన పంటలన్నీ చక్కగా దొరుకుతాయి, ఈరోజు మనకు కావాల్సిన పంట మాత్రం దొరకదు. పట్టుబడి తేదీ ఖాళీగా ఉన్నా సరే అన్న ప్రత్యామ్నాయాన్ని షరతులో చేర్చాలి. చేర్చేటప్పుడు బ్రాకెట్లు మరిచిపోవద్దు. పట్టుబడికి సంబంధించిన రెండు ప్రత్యామ్నాయాలను కలిపి ఒక బ్రాకెట్‌లో పెట్టకపోతే, ‘లేదా’ అన్నది షరతు మొత్తానికీ వర్తించి, గుంట సంఖ్యతో పని లేకుండా నడుస్తున్న పంటలన్నీ వచ్చి పడతాయి. మూడో గుంట రీడింగు ఏడో గుంట పంటకు అంటుకునేది ఇలాగే. ఖాళీ బదులు 31-12-9999 లాంటి దూరపు తేదీ పెట్టేవారు కూడా ఉన్నారు. షరతు పొట్టిదవుతుంది గానీ, పంట ఎన్ని రోజులన్న రిపోర్టులో లక్షల రోజులు కనిపించి అందరినీ గాభరా పెడుతుంది. చిన్న ఆఫీసులకు ఖాళీయే మేలు.

ధరల పట్టిక వంటి వాటికి వేరే రకం వెతుకులాట కావాలి. మేత ధర మారిన ప్రతిసారీ ‘ఏ తేదీ నుంచి’ అన్నది రాస్తే చాలు, ‘ఏ తేదీ వరకు’ అన్నది అక్కర్లేదు. కొలిచిన తేదీన గానీ అంతకుముందు గానీ మొదలైన ధరలన్నిటినీ తీసుకుని, కొత్తవి పైకి వచ్చేలా పేర్చి, మొదటిది తీసుకోవాలి. రెండు తేదీలూ రాసే పట్టికల్లో పాత ధర ముగిసిన రోజు, కొత్త ధర మొదలైన రోజు ఒకటే అయితే రెండు ధరలు దొరుకుతాయి. ఒక్క రోజు ఖాళీ ఉంటే ఒక్కటీ దొరకదు. జిల్లా పేరుకూ ఇదే పద్ధతి వాడాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన అమల్లోకి వచ్చినప్పుడు కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలోకి మారింది. అక్కడి రైతు పేరు పక్కన జిల్లాను ఒకే పెట్టెలో రాసుకున్నవారు, దాన్ని మార్చిన రోజున పాత సంవత్సరాల రిపోర్టులన్నీ కూడా మారిపోవడం చూసే ఉంటారు. మండలం, జిల్లా, ఏ తేదీ నుంచి అన్న మూడు గడులతో చిన్న ఫారం పెట్టుకుంటే, బిల్లు తేదీని బట్టి సరైన జిల్లా వస్తుంది. మళ్లీ ఎప్పుడు మార్పు జరిగినా ఒక వరుస చేరిస్తే సరిపోతుంది.

ఇంకో పద్ధతి, గుంట సంఖ్యను, తేదీని కలిపి ఒక అక్షరాల తాళంచెవిగా చేయడం: 03-2024-08-09 లాంటిది. రెండు ఫారాల్లోనూ అదే తయారై, సమానమా కాదా అని చూస్తే చాలు. తేదీలతో తిప్పలు పెట్టే సాధనంలో ఇది నమ్మకంగా నడుస్తుంది, కంటికి కనిపిస్తుంది కాబట్టి లోపం పట్టుకోవడమూ సులువు. సంవత్సరం ముందు, ఒక అంకె సంఖ్యల ముందు సున్నా అన్న నియమం తప్పకూడదు. 8 అని ఒకచోట, 08 అని ఒకచోట ఉంటే రెండూ వేర్వేరే. హద్దుల మధ్య వెతకడానికి ఇది పనికిరాదు, రోజుకు ఒకటి చొప్పున జత చేయడానికే.

చివరిది, నా లెక్కలో అన్నిటికన్నా గట్టిది: తేదీతో వెతకడమే మానేసి, పంట రికార్డు సంఖ్యతో కలపడం. రోజువారీ ఫారంలో గుంట ఎంచుకోగానే, ఆ గుంటలో నడుస్తున్న పంట పేరు ఒక జాబితాగా వస్తుంది; దాన్ని ఎంచుకుంటే ఆ పంట సంఖ్య రోజువారీ రికార్డులోనే నిలిచిపోతుంది. ఆ తర్వాత వదిలిన తేదీని సరిదిద్దినా బంధం తెగదు. వయసు లెక్క కొత్త తేదీతో మళ్లీ వస్తుంది. తేదీ షరతును పూర్తిగా తీసేయకండి, కాపలాకు ఉంచండి: ఎంచుకున్న పంట తేదీల మధ్య కొలిచిన తేదీ పడకపోతే సేవ్ కానివ్వకూడదు.

ఏ సాధనంలో ఏది సులువు

యాక్సెస్ ఒక గదిలో ఒకటి రెండు కంప్యూటర్ల మీద నడిచే ఆఫీసుకు ఇప్పటికీ మంచిదే. షరతును అక్షరాలుగా కూర్చేటప్పుడు తేదీకి రెండు పక్కలా # గుర్తు ఉండాలి, లోపల వరుస 2024-08-09 లాగా ఉండాలి. విండోస్‌లో మన దేశపు తేదీ పద్ధతి పెట్టుకున్నాం కదా అన్న ధీమా ఇక్కడ పనికిరాదు. కూర్చిన షరతులో అది వర్తించదు. ఫారంలోని పెట్టెను క్వెరీలో (డేటాను వెతికే ఆదేశంలో) నేరుగా వాడితే, అలా బయటినుంచి వచ్చే ఆ విలువ రకం తేదీ అని ప్రకటించండి, పెట్టెకు తేదీ ఫార్మాట్ ఇవ్వండి. ఫోనులో నింపడం దీనితో కుదరదు.

జోహో క్రియేటర్‌లో తేదీ ఫీల్డు, తేదీ-సమయం ఫీల్డు వేర్వేరు. పంట వెతకడానికి రెండు ఫారాల్లోనూ మొదటి రకమే వాడండి. దాని స్క్రిప్టు భాష డెల్యూజ్‌లో ఈరోజు తేదీకి ఒక వేరియబుల్, ఇప్పటి సమయానికి ఇంకో వేరియబుల్ ఉన్నాయి. తేదీ ఫీల్డుతో పోల్చేటప్పుడు సమయం ఉన్నదాన్ని తెచ్చి పెట్టకూడదు. అప్లికేషన్ సెట్టింగుల్లో సమయ మండలం, తేదీ ఫార్మాట్ మొదటి రోజే చూసుకోవాలి, ఎందుకంటే స్క్రిప్టులో అక్షరాలుగా రాసిన తేదీ ఆ ఫార్మాట్‌నే అనుసరిస్తుంది. తర్వాత ఎవరైనా ఫార్మాట్ మారిస్తే అలా రాసిన షరతులు దెబ్బతింటాయి. పంట సంఖ్యతో కలిపే పద్ధతికి ఇందులోని లుకప్ ఫీల్డు (వేరే ఫారంలోని రికార్డును ఎంచుకునే పెట్టె) చక్కగా సరిపోతుంది.

ఫోనులో నింపే యాప్ తయారుచేసిపెట్టే యాప్‌షీట్, దాని వెనక గూగుల్ షీట్ అన్న జతకు ఒక పెద్ద గుణం ఉంది: సిగ్నల్ సరిగా అందని గట్ల మీద కూడా ఫోనులో నింపవచ్చు, సిగ్నల్ వచ్చాక అప్పుడే పైకి వెళ్తుంది. అదే ఒక చిక్కు కూడా. వర్క్‌ఫ్లో నడిచేది పైకి వెళ్లినప్పుడు. షరతులో ఈరోజు తేదీ ఇచ్చే ఫంక్షన్ వాడితే, నిన్న కొలిచి ఈరోజు పైకి వెళ్లిన రికార్డు ఈరోజుదైపోతుంది. వరుసలో నమోదైన కొలిచిన తేదీనే వాడాలి. వేరే పట్టికలో వెతికేటప్పుడు ‘ఈ వరుసలోని తేదీ’ అని స్పష్టంగా చెప్పే గుర్తు తప్పనిసరి. లేకపోతే ముందు చెప్పినట్టు తేదీ తనతోనే పోల్చుకుంటుంది. సూత్రంలో నేరుగా రాసే తేదీని నెల ముందు వచ్చే వరుసలో రాయాలని ఈ సాధనం కోరుతుంది, అది గుర్తుంచుకోండి. షీట్ సెట్టింగుల్లో దేశం అమెరికా అని ఉంటే భారత్‌కు మార్చండి, యాప్‌షీట్‌లో ఆ పట్టిక లొకేల్ (ఏ దేశపు తేదీ పద్ధతి అన్నది) కూడా దానికి సరిపోవాలి. మార్చకపోతే 25/06/2024 అక్షరాలుగా మిగిలి గడిలో ఎడమ అంచుకు అంటుకుంటుంది. తేదీల నిలువు వరుసలో కొన్ని ఎడమకు, కొన్ని కుడికి ఉన్నాయంటే అర్థం అదే.

పవర్ ఆటోమేట్‌ను మైక్రోసాఫ్ట్ 365 ఇప్పటికే వాడుతున్న ఎగుమతి ఆఫీసులకు తప్ప ఇతరులకు సూచించను. ఇందులో ఇప్పటి సమయం యూటీసీలో వస్తుంది. భారత సమయానికి మార్చే మెట్టును ఫ్లో మొదట్లోనే పెట్టి, ఆ ఫలితాన్నే కిందంతా వాడాలి. ఎక్సెల్ పట్టిక నుంచి తేదీ తెచ్చుకుంటే 45448 లాంటి సంఖ్య రావడం చూసి కంగారుపడకండి. ఆ మెట్టు అదనపు ఎంపికల్లో ఐఎస్ఓ 8601 ఎంచుకుంటే తేదీలాగే వస్తుంది.

ఎవరు ఏది ఎంచుకోవాలి

పది లోపు గుంటలున్న రైతుకు, అన్నీ ఒకరిద్దరే నింపే చోట, యాప్‌షీట్‌లో పంట సంఖ్యతో కలపడమే నా సలహా. కావలిలోనో అల్లూరులోనో పలువురు రైతుల లెక్కలు చూసే మేత డీలరుకు, పరీక్షల ల్యాబుకు జోహో క్రియేటర్ లాంటిది, లుకప్ ఫీల్డుతో, పైన హద్దుల షరతును కాపలాగా ఉంచి వాడుకోవడం నప్పుతుంది. గుంట దగ్గరినుంచి కాగితం మీద వచ్చిన లెక్కను ఆఫీసులో ఎక్కించేవారు యాక్సెస్‌ను వదలాల్సిన పని లేదు. తేదీల వరుస మార్చుకుంటే చాలు. పాత ఏర్పాటులో ఫారాలు మార్చే వీల్లేక షరతు మాత్రమే మార్చగలిగితే, హద్దుల పద్ధతికి మారండి.

ఏది ఎంచుకున్నా, నిజమైన లెక్కలు పెట్టేముందు కొన్ని నమూనా రికార్డులు వేసి చూడండి. నెలలో ఐదో తేదీది ఒకటి, ఇరవై ఐదో తేదీది ఒకటి, తెల్లవారుజాము మూడున్నరది ఒకటి, నెలాఖరు సాయంత్రానిది ఒకటి, పట్టుబడి రోజుది ఒకటి, పట్టుబడి తేదీ ఖాళీగా ఉన్న పంటది ఒకటి, రెండు పంటల మధ్య గుంట ఎండుతున్నప్పటిది ఒకటి. చివరిదానికి ఏ పంటా దొరకకూడదు. దొరకనప్పుడు వర్క్‌ఫ్లో ఖాళీ విలువతో ముందుకు సాగకుండా, ‘ఈ తేదీకి పంట లేదు’ అని ఆపి చెప్పాలి.

పాత రికార్డులు

షరతు బాగుపడినా, ఇప్పటికే తప్పుగా జతైనవి అలాగే ఉంటాయి. జోహో క్రియేటర్, మైక్రోసాఫ్ట్ వారి షేర్‌పాయింట్ వంటివి రికార్డు చేరిన సమయాన్ని తమంతట తామే దాచుకుంటాయి కాబట్టి, దాన్ని కొలిచిన తేదీతో పోల్చండి. రెంటికీ నెలల తేడా ఉండి, రోజు, నెల మార్చి చదివితే తేడా పోతోందంటే అది తారుమారైన తేదీ. రోజు 12 కన్నా ఎక్కువ ఉన్నవాటిని ముట్టుకోవద్దు. దిద్దే ముందు డేటా మొత్తానికి నకలు తీసుకోండి, దిద్దిన ప్రతి రికార్డులో పాత తేదీని వేరే ఫీల్డులో ఉంచండి. ఆ తర్వాత పంటవారీగా మొత్తం మేతను బస్తాల బిల్లులతో సరిచూడండి. ఒక పంటకు ఎక్కువ, దాని తర్వాతి పంటకు సరిగ్గా అంతే తక్కువ కనిపిస్తే, ఆ రెండు పంటల మధ్య ఇంకా కొన్ని రికార్డులు తప్పు చోటే ఉన్నాయి.